గుప్పెడు బియ్యం బండి

మా వీధిలోకి బేబీ వస్తోందంటే ముందు ఆమె పాట వచ్చేది. మలుపు దగ్గర మొదలైన పాట మా గేటు దగ్గరికి చేరేసరికి ఒక చరణం పూర్తయ్యేది. పాట గేటు దగ్గర ఆగేది గానీ బండి ఆగేది కాదు. ఇంకొంచెం ముందుకు పోయి, పక్కింటివాళ్ల అరుగు దగ్గర, ఆమె రెండు కాళ్లూ నేలకు రాసుకుంటుండగా నిలబడేది. అప్పుడామె దిగి, బండిని వెనక్కి తోసుకుంటూ మా గేటు దాకా తెచ్చేది.

"ఏటే, రోజూ మా ఇల్లు దాటిపోయి ఆగుతావు?" అనేది మా ఆవిడ లీలారాణి.

"బండికి పక్కింటోళ్ల మీద మనసప్పా. నానేటి సెయ్యను?"

"సెప్పలేవేటి దానికి?"

"సెప్తే ఇంటాదేటి? మన పిల్లల్లాంటిదే అదీని."

అప్ప అంటే మా వైపు అక్క. చుట్టరికం లేకపోయినా బేబీకి మా ఆవిడ అప్ప, ఆ వరసన నేను బావగారిని.

మేముండేది శ్రీకాకుళం అంచున, అరసవల్లి గుడికి వెళ్లే రోడ్డుకి కాస్త లోపలగా. ఆదివారం వస్తే స్వామి దర్శనానికి వచ్చే ఆటోలూ, మా బాప్టిస్టు చర్చికి వచ్చే జనమూ ఒకే సందులో ఒకరినొకరు తప్పించుకుంటూ నడవాలి. బేబీ ఆ చర్చిలో బైబిల్ స్త్రీ. ఇప్పటి పిల్లలకు ఆ మాట కొత్తగా ఉండొచ్చు. దొరల కాలం నుంచీ వస్తున్న ఉద్యోగం అది. చదువురాని ముసలివాళ్లకు వాక్యం చదివి వినిపించాలి. మంచాన పడ్డవాళ్ల పక్కన కూర్చుని ప్రార్థన చేయాలి. నొప్పులొచ్చిన పిల్లను ఆసుపత్రికి చేర్చి, పురుడు పోసుకునేదాకా వరండాలో కాచుకోవాలి. ఇంట్లో చెప్పుకోలేని మాటలు ఆడవాళ్లు చెప్పుకుంటే విని, విన్నవాటిని అక్కడే వదిలేసి రావాలి. జీతం పేరుకే.

బేబీ అసలు పేరేమిటని కొత్తవాళ్లు అడుగుతుంటారు. అదే అసలు పేరు. ఆమె పుట్టినప్పుడు ఆసుపత్రిలో నర్సు ఒక చీటీ మీద బేబీ అని రాసి మంచానికి కట్టింది. తండ్రి చక్కెర ఫ్యాక్టరీలో బస్తాలు మోసే మనిషి. చదువుకున్నావిడ రాసి ఇచ్చిన పేరు, మార్చడమెందుకని అదే ఉంచేశాడు. ఎవరైనా ఇచ్చినదాన్ని ఇచ్చినట్టే ఉంచుకోవడం ఆమెకు ఆ ఇంట్లోంచే వచ్చిందేమో. పెళ్లయింది. భర్త సత్యం తాపీమేస్త్రీ, నెమ్మదస్తుడు. కామెర్లొచ్చి చిన్న వయసులోనే పోయాడు. ఉన్న ఒక్క కూతురు షాలినిని నర్సు చదివించింది. ఆ పిల్ల ఇప్పుడు విజయనగరంలో ఒక ఆసుపత్రిలో పనిచేస్తోంది. సెలవులకు వచ్చినప్పుడల్లా తల్లికి పుండ్లు కడిగి కట్టు కట్టడం నేర్పింది. దాంతో బేబీ సంచిలో బైబిలు పక్కన దూదీ, గాజుగుడ్డా కూడా చేరాయి.

ఒకసారి మా ఇంట్లో పులుసులో ఉప్పు రెండుసార్లు పడింది. నేను మొదటి ముద్దకే చెంబు అందుకున్నాను. బేబీ మాత్రం, "ఇంకొంచెం అన్నం పెట్టప్పా, పులుసు రుసిగున్నాది" అంటూ శుభ్రంగా తినేసింది. ఆమె వెళ్లాక లీలారాణి తను ఒక ముద్ద తిని చూసి, పులుసు గిన్నె ఎత్తుకెళ్లి పెరట్లో పారబోసింది.

ఇక బండి సంగతి. అది తెలియాలంటే ముందు గుప్పెడు బియ్యం సంగతి తెలియాలి.

మా చర్చి ఆడవాళ్లు ఎసరు పెట్టుకుని, బియ్యం కడిగే ముందు, అందులోంచి ఒక గుప్పెడు తీసి విడిగా డబ్బాలో పోస్తారు. అది దేవుడి గుప్పెడు. ఇంట్లో తినేవాళ్లు ఎందరున్నా, సన్నబియ్యమైనా రేషన్ బియ్యమైనా, గుప్పెడు గుప్పెడే. ఆదివారం ఆ డబ్బాలన్నీ తెచ్చి చర్చి వసారాలో ఒకే గోనెలో పోస్తారు. దాన్ని గుడి వీధిలో హోటలు నడిపే అప్పలసూరి కొనుక్కుపోతాడు. "మీ బియ్యం ఏసి రుబ్బితే దోసెలు బాగొస్తన్నాయండి. ఏ రకమో సెప్తే నానే తెప్పించుకుందును" అంటుంటాడు. ఏమని చెప్పడం? అందులో లేని రకం లేదు.

ఆ బియ్యం డబ్బుతో కొన్న వస్తువుకి ఎవరూ వంక పెట్టరు. పెట్టకూడదని ఎక్కడా రాసి లేదు, పెట్టరంతే. చర్చి హార్మోనియం అలా కొన్నదే. దానిలో ఒక మెట్టు మొదటి నుంచీ పలకదు. బాగుచేయించాలంటే, బాగోలేదని ముందు ఎవరో ఒకరు అనాలి కదా. అందుకని ఆ మెట్టు కావలసిన పాటలు పాడటం మానేశారు. కొత్తగా వచ్చే పాస్టరుగార్లు, ఈ సంఘానికి ఫలానా పాటలంటే ఎందుకు గిట్టదో అర్థంకాక కొన్నాళ్లు అవస్థ పడతారు.

బేబీ ఏళ్ల తరబడి నడిచే తిరిగింది. మోకాళ్లు వాచి, మెట్లు దిగేటప్పుడు గోడ పట్టుకోవడం మొదలుపెట్టాక ఆడవాళ్ల కూటం ఒక తీర్మానం చేసింది. గుప్పెడు బియ్యం డబ్బు ఇక దేనికీ తీయకూడదు, బేబీకి బండి కొనాలి. ఎన్నో ఆదివారాలు గోనెలు నిండాక ఆకుపచ్చ రంగు కరెంటు స్కూటర్ ఒకటి వచ్చింది. కాగితాలు ఎవరి పేర రాయాలన్న దగ్గర పెద్ద చర్చ జరిగింది. బేబీ తన పేర వద్దంది. పాస్టరుగారు బదిలీ మీద వెళ్లిపోయే మనిషి. చివరికి అందరూ కలిసి, సంఘంలోకెల్లా పెద్దావిడ తాతమ్మ పేర రాయించారు. కొత్తకోడలిగా ఉన్నప్పుడు అత్తగారు నేర్పిన నాటి నుంచి ఒక్కపూటైనా గుప్పెడు మానని మనిషి ఆవిడ. అదొక మర్యాద. సైకిలైనా ఎక్కి ఎరగని ఎనభై దాటిన ముసలావిడ పేర స్కూటర్ రాయించాలన్న ఆలోచన ఇంకే ఊళ్లోనైనా ఎవరికైనా వచ్చేదా అని నాకిప్పటికీ సందేహమే.

"నడిపేది మీరేనా మామ్మగారూ?" అని షోరూమ్ అబ్బాయి అడిగాడట.

"నడిపేది అదిగో, అది. నడిపించేది నాను" అందట తాతమ్మ.

ఫోన్ నంబరు మాత్రం కూటం కార్యదర్శిగా లీలారాణిది ఇచ్చారు.

బండి వచ్చాక బేబీ చేరగలిగే ఊళ్లు పెరిగాయి. గార రోడ్డు పట్టుకుని సముద్రం ఒడ్డు పల్లెల దాకా వెళ్లేది. అక్కడ కూర్మమ్మ అని చేపలమ్మే ఆవిడ ఉంది. మా చర్చి మనిషి కాదు, గంగమ్మకు మొక్కే మనిషి. చక్కెర జబ్బుతో ఆమె పాదం మీద పుండు పడి ఎంతకీ మానలేదు. బేబీ రోజు విడిచి రోజు వెళ్లి కట్టు మార్చేది. పుండు చుట్టూ కొత్త చర్మం కనిపించిన రోజు మా ఇంటికొచ్చి, తన పాదమే బాగైనట్టు చూపించి మరీ చెప్పింది.

పాటల మనిషన్న పేరు కూడా ఆమెకు అప్పుడే వచ్చింది. బండి మీద వెళ్తున్నంతసేపూ పాడుతూనే ఉంటుంది, అదెంత భక్తి అని అందరూ చెప్పుకునేవాళ్లు. పాస్టరుగారు ఒక ఆదివారం ప్రసంగంలో, రోడ్డు మీద కూడా దేవుణ్ణి మరవని మనిషి అని ఆమె ఎదురుగానే పొగిడారు. బేబీ తల దించుకుని చాప ఈనెలు లెక్కపెడుతూ కూర్చుంది. అణకువ అనుకున్నాం.

ఆ వానాకాలం చివర్లో నా చెప్పు తెగితే కూడలిలో దాలయ్య దగ్గరికి వెళ్లాను. గొడుగు పాతుకుని చెప్పులు కుట్టే దాలయ్యకు ఊళ్లో అందరి నడకలూ తెలుసు. నేను స్టూలు మీద కూర్చుని ఉండగా బేబీ వచ్చి తన చెప్పులు విప్పి ఆయన ముందు పెట్టింది. ఆయన వాటిని తిరగేసి చూశాడు.

"ఏటమ్మా ఇది, మొన్ననే కదా టైరు ముక్క ఏసినాను? మడమ కాడ మల్లీ అరిగిపోనాది."

"నడక ఎక్కువ దాలయ్యా."

"బండి మీద తిరిగేదానికి నడకేటి? సూడు, ఇది నడిసిన అరుగుడు కాదు, ఈడ్సిన అరుగుడు. బండికి బ్రేకులా నువ్వు పని సేస్తన్నావేటి?"

"సెప్పులు కుట్టమంటే కతలు కుడతన్నావు. బేగి కానీ, అవతల ముసిలమ్మ ఎదురుసూస్తాది."

"కుడతాను, నాకేటి. నీలాటోల్లు ఇంకో నలుగురుంటే నాకు సేతినిండా పని."

ఆమె నవ్వింది గానీ నా వైపు చూడలేదు. ఇంటికొచ్చి ఆ మాట లీలారాణికి చెప్పాను. మర్నాడు బేబీ రాగానే ఈవిడ అడిగేసింది. "దాలయ్య మాటలకేటప్పా, ఊసుపోక అంటాడు. బండి బంగారం" అని బేబీ కాఫీ కూడా తాగకుండా వెళ్లిపోయింది. వెళ్లేటప్పుడు మాత్రం బండిని సందు చివరి దాకా నడిపించుకునే వెళ్లింది.

తర్వాత కొన్నాళ్లకు ఒక మధ్యాహ్నం లీలారాణి ఫోన్ నా చేతిలో పెట్టింది. "ఏవండీ, బ్యాంకోళ్లేటో మల్లీ మల్లీ పంపిస్తన్నారు. తీసెయ్యండి."

పకోడీ పొట్లం కట్టిన కాగితం కూడా చదవనిదే పారేయను నేను. చదివాను. బ్యాంకు వాళ్లది కాదు, స్కూటర్ కంపెనీ వాళ్లది. ఇంగ్లీషులో, తాతమ్మగారూ అని సంబోధించి రాశారు. ఫలానా కాలంలో తయారైన బండ్లలో బ్రేకు భాగాలూ, కరెంటు తీగలూ లోపంతో ఉన్నట్టు తేలిందట. లైటూ హారనూ పనిచేయకపోవచ్చు, బ్రేకు పట్టకపోవచ్చు, ప్రమాదం జరగొచ్చు. అందుకని ఆ బండ్లన్నింటినీ వెనక్కి పిలుస్తున్నారు. సర్వీస్ సెంటరుకి తెస్తే ఉచితంగా బాగుచేసి ఇస్తారు. అప్పటి దాకా నడపవద్దు. యజమాని స్వయంగా రావాలి. పైకి జరిపి చూస్తే ఇదే సమాచారం అంతకుముందు కూడా వచ్చి ఉంది. మా ఇంట్లో ఎవరూ విప్పి చూడలేదు.

తెలుగులో చెప్పేసరికి లీలారాణి ముఖంలో రంగు మారింది. వెంటనే బేబీకి ఫోన్ చేసింది. "అలగ అందరికీ పంపిస్తారప్పా" అంది బేబీ. "బండి తీయకు" అని ఈవిడ, "బుధవారం కూటంలో సూద్దాం" అని ఆవిడ.

బుధవారం సాయంత్రం ఆడవాళ్ల కూటానికి నేను కూడా వెళ్లాను. ఇంగ్లీషు ముక్కలు ఎవరైనా అడిగితే చెప్పడానికని మా ఆవిడ తీసుకెళ్లి వెనక బల్ల మీద కూర్చోబెట్టింది. లీలారాణి లేచి విషయం చెప్పింది. ముందు వరసలో కుర్చీలో ఉన్న తాతమ్మ కర్ర నేలకు ఆనించి అడిగింది.

"అంటే, మన బండికి కంపెనీవోడు వంక పెడతన్నాడేటి?"

"మన బండికనే కాదు పెద్దమ్మా. ఆ రకం బండ్లన్నిటికీ" అంది లీలారాణి.

"ఆడి మాటెందుకు. నడిపేది మన బేబీ. ఓలె బేబీ, నిలబడు. బండిలో ఏటైనా తేడా ఉన్నాదేటి?"

బేబీ నిలబడింది. చాప మీద కూర్చున్న ఆడవాళ్లందరూ ఆమె వైపు తిరిగారు. ఆ ముఖాల్లో ఆమె ఏం చూసిందో నేను ఊహించగలను. వాళ్లందరి వంటిళ్లూ ఆమెకు తెలుసు. అసిరమ్మ ఇంట్లో పెద్దకొడుకు పనిలేక కూర్చున్న నెలలో గంజితో సరిపెట్టుకున్న పూట కూడా దేవుడి డబ్బాలో గుప్పెడు పడటం ఆమె కళ్లతో చూసింది. ఆ గుప్పెళ్లన్నీ కలిస్తే ఆ బండి. అది బాగోలేదు అని ఆ ముఖాల ముందు ఆమె తన నోటితో అనాలి.

"ఏటీ లేదు పెద్దమ్మా. బంగారంలాటి బండి" అంది.

కూటమంతా ఊపిరి పీల్చుకుంది. తాతమ్మ కర్రతో నేల మీద ఒక్కటి కొట్టింది. "మరింకేటి? వోనరు రావాలన్నారు, నానొస్తాను. తేడా లేని బండికి ఆటో ఎందుకు దండగ? బేబీ ఎనకాల కూకుని ఎల్తాను. నా పేరెట్టి ఇన్నాళ్లయినా ఒక్కసారైనా ఎక్కినానేటి దాని మీద?"

లీలారాణి ఏదో అనబోయింది. నేనూ నిలబడి, నడపవద్దని రాశారని మళ్లీ చెప్పాను. "నడిపేది బాగుందంటే, రాసినోడేటి సూసినాడు బాబూ" అంది తాతమ్మ. బేబీ అప్పటికే కూర్చుని సంచి సర్దుకుంటోంది.

మర్నాడు పొద్దున్న చర్చి ముందు చిన్నపాటి పెళ్లి సందడి. తాతమ్మ పెట్టెలో దాచుకున్న పొందూరు తెల్లచీర కట్టుకుని, తలకు నూనె రాసుకుని వచ్చింది. ఆవిడ ఎక్కడానికి వసారాలోంచి ముక్కాలి పీట తెచ్చారు. అసిరమ్మ ప్రార్థన చేసింది, అందులో బండి చక్రాలను కూడా పేరుపేరునా దీవించింది. బేబీ హ్యాండిలు పట్టుకుని ఎదురుగా రోడ్డు వైపే చూస్తోంది. ఆమె ముఖం కడిగిన పలకలా ఉంది. సర్వీస్ సెంటరు హైవే పక్కన. నాగావళి వంతెన దాటి, లారీల మధ్య నుంచి వెళ్లాలి.

ఇద్దరు పట్టుకుంటే తాతమ్మ పీట ఎక్కి, ఒక పక్కకు కూర్చుని, ఒక చేత్తో బేబీ నడుము పట్టుకుంది. ముఖం మీద చిన్నపిల్ల సంబరం.

"ఇంక పోనీ."

బేబీ కదల్లేదు.

"పోనీయే. ఎండెక్కిపోతన్నాది."

బేబీ తాళంచెవి తిప్పలేదు. తన నడుము మీదున్న ఆ చేతి వైపు చూసింది. ముడతలు పడి, ఎముకలు తేలిన చిన్న చెయ్యి.

"దిగు పెద్దమ్మా."

"ఏటి?"

"దిగు. బ్రేకు పట్టదు."

ముందుగా లీలారాణి తేరుకుని తాతమ్మను దింపి పీట మీద కూర్చోబెట్టింది.

"ఎప్పుటి నుంచి?" అంది తాతమ్మ.

"వానలు పడ్డకాడి నుంచి."

"లైటు?"

"దానిట్టం. ఎలిగితే ఎలుగుతాది, లేకపోతే లేదు. సీకటి పడకముందే ఇంటికి సేరిపోతన్నాను."

"హారను?"

"అదెప్పుడో పోయింది."

వెనక నుంచి అసిరమ్మ మెల్లగా అడిగింది. "మరి ఆ పాటలు?"

బేబీ తల ఇంకా కిందికి వాలిపోయింది. "ఏటి సెయ్యనొదినా? సప్పుడు లేని బండి. మేకలడ్డొస్తాయి, పిల్లలడ్డొస్తారు. పాడకపోతే ఎవులు తప్పుకుంటారు?"

"ఓలమ్మా" అంది మా ఆవిడ. "పాస్టరుగారు ప్రసంగం కూడా సేసీసినారు కదే."

ఎవరో ఫక్కున నవ్వారు. అంతే, నవ్వు అందరికీ అంటుకుంది. ఏడుస్తూనే బేబీ కూడా నవ్వింది. తాతమ్మ మాత్రం నవ్వలేదు. అందరూ సద్దుమణిగేదాకా ఆగింది.

"ఇలగ రా" అంది. బేబీ వెళ్లి ఆవిడ ముందు కింద కూర్చుంది. "నా బియ్యం నిన్ను సంపడానికి పోసినానేటే?"

"అది కాదు పెద్దమ్మా. మీరందరూ నొచ్చుకుంటారని."

"నొచ్చుకుంటాము. నొచ్చుకుంటే ఏటయిపోద్ది? నాను సాయంత్రానికి మర్సిపోతాను, ముసిల్దాన్ని. గుప్పెడంటావా, పోతే పోయింది, రేపు మల్లీ పోస్తాను. రేపు కూడా వండుకుంటాము కదా. నువ్వు ఆ వంతెన మీద లారీ కింద పడితే ఇంకో బేబీని ఏ గోనెలోంచి తెస్తాము?"

బేబీ ఆవిడ మోకాళ్ల మీద తల పెట్టేసింది. తాతమ్మ ఆ తల మీద చెయ్యి వేసి, మరో చేత్తో ఆకుపచ్చ బండిని చూపించి, "దాన్ని తాళ్లేసి కట్టండ్రా. సామాన్ల ఆటో ఒకటి పిలవండి" అంది, వేరే ఎవరితోనో అన్నట్టు.

బండి ముందు ఆటోలో, మేము నలుగురం వెనక ఆటోలో వెళ్లాం. సర్వీస్ సెంటరులో మోహనకృష్ణ అనే కుర్రాడు బండి దింపించుకుని, బ్రేకు నొక్కి చూశాడు. అది మెత్తగా పిడి దాకా వచ్చేసింది. ముందు డొప్ప ఊడదీస్తే, లోపల తీగల మీది తొడుగు ఒకచోట కరిగి నల్లబడి ఉంది. ఆ అబ్బాయి చాలాసేపు దానివైపే చూసి లేచాడు.

"ఇలాగే నడిపారా అమ్మా? మీకేమేం ఇబ్బందులొచ్చాయో చెప్పండి, ఒక్కొక్కటీ చూస్తాను."

"పెద్దగా ఏటీ లేదు బాబూ, కూసింత..." అని బేబీ మొదలుపెట్టింది. తాతమ్మ మోచేత్తో ఆమె డొక్కలో పొడిచింది.

"సరిగ్గా సెప్పు."

బేబీ చెప్పింది. బడిలో పాఠం అప్పజెప్పే పిల్లలా, చేతులు కట్టుకుని, మొదటి నుంచి. వాన పడితే లైటు ఎలా ఆరిపోతుందో, పల్లంలో బండి ఎలా జారుతుందో, ఎండలో నిలబెడితే సీటు కింద నుంచి కాలిన వాసన ఎలా వస్తుందో. కాలిన వాసన సంగతి విని లీలారాణి నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. అన్నీ చెప్పేశాక బేబీ ఒక్కసారి భుజాలు సడలించి గోడకు ఆనుకుంది. ఆమె దేనికైనా ఆనుకుని నిలబడటం నేను చూడటం అదే మొదటిసారి.

కొత్త భాగాలు రావడానికి కొంత కాలం పట్టింది. ఆ రోజుల్లో బేబీ దగ్గర ఇళ్లకు నడిచి వెళ్లింది. దూరపు ఇళ్లకు కూటం ఆడవాళ్లు వంతులు వేసుకుని ఆటోలో తీసుకెళ్లారు. కూర్మమ్మ మాత్రం ఎవరి కోసమూ ఆగలేదు. పొద్దున్నే చేపల ఆటోలో బుట్టల మధ్య కూర్చుని తనే మా చర్చి వసారాలోకి దిగింది.

"నీ బండి సంగతి ఇన్నాను. ఏటే, నోరు లేదేటి నీకు?" అంటూ పాదం చాపింది.

"నోరుంటేనే కదా పాడతన్నాను" అంది బేబీ కట్టు విప్పుతూ.

"పాటంటే గురుతొచ్చింది. మా పేటలో పిల్లగుంటలు నువ్వొస్తే పరిగెట్టి ఇంట్లో దూరిపోయేవోల్లు. బక్తి అనుకున్నావేటి? బయమే. అంత గట్టిగా అరుస్తావు."

కట్టు కట్టడం అయ్యాక, వద్దంటున్నా వినకుండా ఆకులో చుట్టిన నాలుగు వంజరం ముక్కలు బేబీ సంచిలో, దూది పక్కనే పెట్టేసి వెళ్లింది.

బండి తిరిగొచ్చిన వారం బుధవారం కూటానికి లీలారాణి నన్ను రమ్మనలేదు. నేనే వెళ్లాను. ఆ కూటంలో చివర సాక్ష్యాల సమయం ఉంటుంది. ఒక్కొక్కరూ లేచి ఆ వారంలో తాము పొందిన మేలులు చెప్పుకుంటారు. అది అయ్యాక తాతమ్మ చెయ్యెత్తింది.

"మేలులు అయిపోనాయి కదా. ఇప్పుడు ఇంకో మాట. మనకి ఎవులో ఒకలు పేమతో ఇస్తారు. అది బాగోదు. నొచ్చుకుంటారని సెప్పం. అలాటివి ఎవులికైనా ఉంటే ఇక్కడ సెప్పీండి. ఇక్కడే ఇంటాము, ఎవులమీ బయటికి మొయ్యము."

ఎవరూ లేవలేదు. కొంగులు సర్దుకున్నారు, ఒకరి వైపొకరు చూసుకున్నారు. చివరికి అసిరమ్మ కూర్చునే అంది. "మా అల్లుడు మిక్సీ తెచ్చినాడు. ముట్టుకుంటే జిల్లుమంటాది. సెక్కపీట మీద నిలబడి, రబ్బరు సెప్పులేసుకుని రుబ్బుకుంటన్నాను."

"ఓలమ్మా, సచ్చిపోతావే" అని నలుగురైదుగురు ఒక్కసారే అన్నారు. రేపే దాన్ని తీసి పారేయాలని, అల్లుడికి తనే చెప్తానని తాతమ్మ తీర్పు చెప్పింది. ఆ తర్వాత గట్టు తెగినట్టు మాటలొచ్చాయి. ఒకావిడకు కోడలు కొన్న కుక్కరు కూత వేయదు. వాసన చూసి దింపుతోంది. ఇంకొకావిడ చెల్లెలు పెట్టిన పరుపు మీద పడుకోలేక కింద చాప వేసుకుంటోంది. అప్పుడు మా ఆవిడ లేచింది. వెనక బల్ల వైపు చూడకుండానే అంది.

"మా ఇంటాయన నాకు కళ్లజోడు మార్పించారు. సెవుల ఎనక ఒరుసుకుపోతన్నాది. ఆయనకు సూపించకుండా పసుపు రాసుకుంటన్నాను."

కూటమంతా వెనక్కి తిరిగి నన్ను చూసింది. నేను లేచి నిలబడ్డాను, ఎందుకో నాకే తెలియదు. రేపు పొద్దున్నే మార్పిస్తానని చెప్పి కూర్చున్నాను.

నవ్వులు తగ్గాక తాతమ్మ బేబీ వైపు తిరిగింది. "నీ సంగతేటి? బండెలాగున్నాది?"

"బాగున్నాది పెద్దమ్మా. లైటు ఎలుగుతన్నాది. హారను మోగుతన్నాది. బ్రేకు నొక్కితే ఎక్కడికక్కడ ఆగిపోతన్నాది."

"ఇంకేటీ లేదు కదా?"

బేబీ తల ఊపబోయింది. ఆ ఊపు సగంలో ఆగింది. కొంగు చివర వేలికి చుట్టుకుంది, విప్పింది. చాప మీదున్న ముఖాలన్నింటినీ ఈ చివర నుంచి ఆ చివరకు చూసింది.

"కూసింత... బ్రేకు నొక్కినప్పుడు ఎడంపక్క కీసుమంటన్నాది పెద్దమ్మా."

తాతమ్మ ముఖం మెల్లగా విప్పారింది. కర్ర తీసుకుని, కుర్చీలో కాస్త ముందుకు జరిగి నిటారుగా కూర్చుంది.

"లీలారాణీ, ఆ కుర్రోడికి ఫోను కలుపు. వోనరు మాటాడతాదని సెప్పు."